బాపు ముట్టుకోని డిపాజిట్

మా బాపు ఇరవై రెండేండ్లు మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీ బస్సు తోలిండు. పొద్దుగాల ఐదింటికి ఇంట్లకెళ్లి బయటపడి, పట్నంల పిల్లలను ఎక్కించుకొని కాలేజీల దింపి, సాయంత్రం మళ్ల వాళ్లను వాళ్ల ఇండ్లకాడ ఇడిచిపెట్టి వచ్చేసరికి ఏడు దాటేది. నా పెండ్లి చెడి నేను మొయినాబాద్ పక్కన మా ఊరు హిమాయత్‌నగర్‌కు తిరిగొచ్చిన ఏడాది, ఆ కాలేజీలనే ల్యాబ్‌ల నాకు పని ఇప్పించిండు. దానికోసం ప్రిన్సిపాల్ రూమ్ ముంగట మూడు రోజులు నిలబడ్డడట. ఆయన నాకు చెప్పలేదు. అటెండర్ చెప్తే తెలిసింది.

మా తాతకు నాలుగెకరాలుండెనట. పంచుకోంగ, అమ్ముకోంగ బాపు పాలికి పది గుంటలు, అంటే పావు ఎకరం, మిగిలింది. చుట్టూ ఫామ్‌హౌస్‌లు లేచినయి. మా చెల్క కాడికి పోయే బాటకు రెండు దిక్కుల గోడలు పెట్టిండ్రు. ఎడ్లబండి పోయిన బాటల మనిషి పక్కకు తిరిగి నడవాల్సి వచ్చింది. అప్పుడు మా అన్న కొనేటందుకు ఒక పార్టీని తెచ్చిండు. అన్న నాకంటే నాలుగేండ్లు పెద్ద. మోకిల దిక్కు ప్లాట్లు చూపెట్టే మీడియేటర్ పని చేస్తడు, పెండ్లాం పిల్లలతోని శంకర్‌పల్లిల కిరాయికి ఉంటడు.

"బాపు, ఇయ్యాల అమ్మకుంటే రేపు ఆ గోడలు మనల్ని లోపటికే పోనియ్యవు," అన్నడు.

వాడన్నది నిజమే. బాపు సంతకం పెట్టిండు. రిజిస్ట్రేషన్ అయిన దినం ఇంటికొచ్చి బువ్వ తినలేదు. అంగి గూడ ఇడువకుండ మంచం మీద గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

ఆ పైసల్ల అన్నకు కొంత ఇస్తడని అన్న అనుకున్నడు, అవ్వ, అంటే మా అమ్మ, అనుకున్నది, నేను గూడ అనుకున్న. బాపు ఎవ్వరికి ఇయ్యలేదు. మొయినాబాద్ బ్యాంకులల్ల అందరు ఎరుకున్నోళ్లే కలుస్తరని, చేవెళ్ల పోయి అక్కడి ఒక బ్యాంకుల ఐదేండ్లకు ఫిక్స్‌డ్ ఏసి వచ్చిండు. బాండు కాయితం పెట్టెల పెట్టి తాళం ఏసి, మా ముగ్గురిని కూసోపెట్టిండు.

"ఐదేండ్లు దీన్ని ఎవ్వరు ముట్టొద్దు. మిత్తితోని కలిపి అంత ఒక్కసారి తీస్త. పరిగి దిక్కు భూమి అగ్గువ ఉన్నది. అర ఎకరం కొంట. భూమి లేనోన్ని గాను నేను."

"బాపు, నీ మిత్తి నడుస్తది, భూమి రేటు ఉరుకుతది. ఐదేండ్లకు నీకు పరిగిల గూడ ఏం రాదు," అన్నడు అన్న.

నాకు గూడ అట్లనే అనిపించింది. బాపు ఇనలేదు. అప్పటికెల్లి అన్న ఇంటికి వచ్చుడు తక్కువ చేసిండు. వచ్చినా అవ్వతోని రెండు మాటలు మాట్లాడి, చాయ్ తాగి పోయేటోడు.

నాలుగేండ్లు దాటినంక, ఒక ఎండకాలం మొదట్ల, బాపుకు నడిస్తే ఛాతి పట్టేసినట్టు అయ్యుడు షురువైంది. అప్పటికి డ్యూటీ మానేసి ఏడాది అయ్యింది. గ్యాస్ అనుకొని సోడాలు తాగిండు, వాము నమిలిండు. చర్చికి పోయే తొవ్వల రెండు జాగల ఆగుతున్నడని అవ్వ నాకు చెప్పినంక, నేను లీవు పెట్టి పట్నంల పెద్ద దవాఖానకు తోల్కపోయిన. పరీక్షలు చేసి, గుండెకు రక్తం పోయే నరాలు మూడు మూసుకపోయినయని, బైపాస్ చెయ్యాలని చెప్పిండ్రు. సర్కారు కార్డు మీద ఆపరేషన్ ఒక్క పైస లేకుండ ఉత్తగనే అయితది. కని బాపు కంటే ముందు మస్తు మంది ఉన్నరు. ఏడు వారాలకు తారీఖు రాసిచ్చిండ్రు.

"ఏడు వారాలు ఆగొచ్చా సార్?" అని డాక్టరును అడిగిన.

ఆయన బాపు దిక్కు ఒకసారి, నా దిక్కు ఒకసారి చూసిండు. "ఆగకపోతేనే మంచిదమ్మా. ఆగితే ఏమైతదో నేను చెప్పలేను. ఏం కాకపోవచ్చు కూడా. పైసలు పెట్టుకోగలిగితే బయట ఎక్కడన్న మూడు నాలుగు రోజులల్ల చేస్తరు."

బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డంక బాపు అన్నడు, "ఇన్నవా, ఏం కాదన్నడు."

"ఏం కాకపోవచ్చు అన్నడు బాపు. ఏం కాదు అనలేదు."

"రెండు ఒకటే," అన్నడు.

మర్నాడు నేను ఇంకో దవాఖానకు ఫోన్ చేసి అడిగిన. వాళ్లు చెప్పిన పైసలు మా డిపాజిట్‌ల నాలుగో వంతు దాక ఉన్నయి. బాపు ముందు డిపాజిట్ మాట ఎత్తాలంటే నాకు భయమే. అయినా ఎత్తిన. "తియ్యకపోతే తియ్యకపోతివి. ఒక్కసారి పోయి అడుగుదాం. అడిగితే ఏం పోతది," అన్న. బాపు అవునన్లేదు, కాదన్లేదు. పొద్దుగాల మాత్రం తెల్లంగి తొడుక్కొని బాండు కాయితం కవర్ల పెట్టుకొని తయారుగ కూసున్నడు.

బ్యాంకుల డిపాజిట్ల కుర్సిల ఒక మేడం ఉన్నది. వాళ్లది కోస్తా దిక్కు. ఇక్కడికొచ్చి చానా ఏండ్లయిందట, మాట మాత్రం అక్కడిదే. బాండు చూసి, కంప్యూటర్‌ల ఏందో కొట్టి చెప్పింది.

"మెచ్యూరిటీకి ఇంకా నాలుగు నెలలే ఉందండి. ఇప్పుడు క్లోజ్ చేస్తే పెనాల్టీ పడుతుంది. మొదటి రోజు నుంచీ వడ్డీ ఒక శాతం తగ్గించి లెక్క కడతాం."

ఎంత తగ్గుతదో ఒక చీటి మీద రాసి బాపు దిక్కు తిప్పింది. బాపు చానాసేపు ఆ చీటినే చూసిండు.

"ట్రీట్‌మెంటు కోసమని చెప్తున్నారు కాబట్టి, పోనీ డిపాజిట్ మీద లోన్ తీసుకోండి. రేపే ఇచ్చేస్తాం. డిపాజిట్ కదలదు," అన్నదామె.

"దానికి మిత్తి పడదా?"

"పడుతుందండి. మీకొచ్చే వడ్డీ కంటే కొంచెం ఎక్కువ."

"నా పైసల మీద నేనే మిత్తి కట్టాల్నా?" అన్నడు బాపు. కోపంతోని కాదు. నిజంగనే సమజ్ గాక అడిగిండు.

"ఆరోగ్యం కంటే ఎక్కువ కాదు కదండీ పెద్దాయనా," అన్నది మెల్లగ. బాపు చీటిని మడతపెట్టి కీసల పెట్టుకొని లేచిండు.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల నాకు పక్కన కూసొని, డ్రైవర్ గేర్లు మార్చే తీరు చూసుకుంట, ఎవరికో చెప్తున్నట్టు చెప్పిండు. "ఏడు వారాలకు వాళ్లు ఉత్తగ చేస్తరు. నాలుగు నెలలకు ఇది నిండుతది. రెండు అయితయి."

ఇంటికొచ్చినంక నేను అవ్వకు జరిగిందంత చెప్పిన. ఆమె అన్న మాట ఇక్కడ రాయకుంటే తర్వాతి సంగతి అర్థం గాదు. అవ్వ అన్నది, "ఇన్నేండ్లు ఆగినం. నాలుగు నెలలే గదా. నిండనియ్యి." అవ్వకు పైసల మీద ఆశ లేదు. ఆయనకు ఆ భూమి పోయిన బాధ ఎంతున్నదో ఆమెకు ఎరుక. ఆయన మనసులున్న మాటనే ఆమె నోటితోని అన్నది.

నేను "సరే" అన్న. నా చేతులకు రెండు బంగారు గాజులున్నయి. అన్నకు అంతకు ముందేడు కొన్న కారున్నది. వాటి ఊసు మా ఇంట్ల ఒక్కసారి గూడ రాలేదు. డిపాజిట్ లేకుండ ఉంటే వచ్చేదేమో. అది ఉన్నదన్న ధీమాతోనే మేము ఇంకో దిక్కు చూడలేదు. అన్నకు ఫోన్ చేస్తే, "పైసలు పెట్టుకొని గూడ లైన్‌ల నిలబడుడేంది? తియ్యమను," అన్నడు.

"నువ్వొచ్చి చెప్పు."

"నా మాట ఎన్నడిన్నడు," అని పెట్టేసిండు.

చర్చివాళ్లిచ్చిన క్యాలెండర్ మీద బాపు రెండు తారీఖులకు పెన్నుతోని గీత పెట్టుకున్నడు. ఆపరేషన్‌ది ఒకటి, బ్యాంకుది ఒకటి. ఆ వారాలు ఆయన మంచిగనే ఉన్నడు. మందులు యాళకు ఏసుకున్నడు, ఉప్పు తగ్గించిండు, బరువులు ఎత్తలేదు. పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేసి పోయిండు. మాకు గూడ అలవాటైంది. ఒక వారం గడిచినా ఏం కాకపోయేసరికి, రెండో వారం ఫికర్ తగ్గింది. నాలుగో వారానికి నేను ల్యాబ్‌ల ఉన్నంతసేపు ఇంటి మాటే మర్చిపోయేదాన్ని.

ఆపరేషన్‌కు ఇంక తొమ్మిది రోజులున్నది. పగటిపూట అవ్వ, బాపు గడపకాడ కూసొని గోకరకాయ తుంచుతున్నరట. ఎడమ చెయ్యి గుంజుతున్నది, జర నీళ్లియ్యి అన్నడట. అవ్వ చెంబు ముంచుకొని వచ్చేసరికి గోడకు ఒరిగిండు. పక్కింటోళ్లు ఫోన్ చేస్తే అంబులెన్స్ వచ్చింది, తొందరగనే వచ్చింది. మొయినాబాద్ దవాఖానకు చేరేసరికి పానం లేదన్నరు. నేను కాలేజీ నుంచి ఆటోల పోయేసరికి, అవ్వ వరండాల చెప్పులు లేకుండ నిలబడి ఉన్నది. నన్ను చూసి ఏడువలేదు. "నీళ్లు తాగలేదు బిడ్డా," అన్నది.

మా సమాధుల తోటల పెట్టినం. ఖర్చంత అన్ననే చూసుకున్నడు. మట్టి ఏసేటప్పుడు వాడు ఏడ్సినంత ఎవ్వరు ఏడువలేదు. మూడో దినం ఆదరణ కూటం అయి, చుట్టాలు పోయినంక, అన్న అవ్వ పక్కన కూసొని పెట్టె తాళంచెయ్యి అడిగిండు. అవ్వ కొంగుముడి ఇప్పి ఇచ్చింది. బాండు పైననే ఉన్నది. నామినేషన్ రిజిస్టర్ అయ్యిందని దాని మీద అచ్చు ఉన్నది, పేరు మాత్రం లేదు.

"అవ్వ పేరే ఉంటది," అన్నడు అన్న.

డెత్ సర్టిఫికెట్ చేతికొచ్చినంక నేను, అన్న వాని కార్ల చేవెళ్ల పోయినం. అవ్వ రాలేదు. అదే మేడం ఉన్నది. నన్ను గుర్తుపట్టి, నా పక్కన ఎవరున్నరని చూసింది. నేను సర్టిఫికెట్ ముంగట పెట్టిన. ఆమె దాన్ని రెండుసార్లు చదివి బల్ల మీద పెట్టింది. తర్వాత కంప్యూటర్ దిక్కు తిరిగింది.

"నామినీ మీరేనండి," అన్నది నాతోని.

అన్న కుర్సిల ముందుకు జరిగిండు. "మా అవ్వ కాదా?"

"కాదండి. కూతురు అని ఉంది."

అబద్ధం చెప్పను, అప్పుడు నాకు కడుపు నిండినట్టయింది. పెండ్లి చెడి తిరిగొచ్చిన బిడ్డ గురించి బాపు లోపట్లోపట ఇంత ఆలోచించిండా అనుకున్న. అన్న నా దిక్కు చూడలేదు.

మేడం గొంతు తగ్గించి చెప్పింది. "ఒక విషయం ముందే చెప్పాలండి. నామినీ అంటే డబ్బు మీదని కాదు. మేము ఎవరి చేతికి ఇవ్వాలో చెప్పే పేరు, అంతే. మీకిచ్చేస్తే మా బాధ్యత తీరుతుంది. మీరు దాన్ని వారసులందరికీ పంచాలి. వీలునామా ఏమైనా రాశారా?"

"లేదు మేడం."

"అయితే అమ్మగారు, అన్నగారు, మీరు. ముగ్గురికీ హక్కు ఉంది. మీకు మూడు సమాన వాటాలే వస్తాయనుకుంటాను, ఎందుకైనా మంచిది, లాయరుని ఒకసారి అడగండి."

అన్న వెనుకకు ఒరిగిండు. ఏం కావాలె, ఏ ఫారం నింపాలె, ఎవరు సాక్షి సంతకాలు పెట్టాలె అన్నీ ఆమె ఒక కాయితం మీద రాసిచ్చింది. నేను తీసుకొని లేవబోతూ అడిగిన.

"ఇంక నిండలేదు గద మేడం. ఇప్పుడు తీస్తే ఆ రోజు చెప్పిన పెనాల్టీ పడతదా, లేకుంటే తారీఖు దాక ఆగాల్నా?"

ఆమె పెన్నుకు మూత పెట్టింది.

"పడదండి. డిపాజిట్ వేసినవారు చనిపోతే, గడువుకి ముందు తీసినా పెనాల్టీ ఉండదు. ఇన్నాళ్ళు నడిచినదానికి రావాల్సిన వడ్డీ అంతా ఇస్తాం." కొంచెం ఆగి, "రూలు అలా ఉంది," అన్నది ఫారాలు సర్దుకుంట.

నాకు చీటి మడతపెట్టిన బాపు చేతులే కనబడ్డయి. బతికున్న మనిషి తన గుండె కోసం తీసుకుంటే కోత. ఆ మనిషి పోయినంక మేము తీసుకుంటే కోత లేదు. ఆమె తప్పేం లేదు. పోయినోళ్ల ఇంటోళ్లకు మేలు చెయ్యాలనే ఎవరో ఆ రూలు రాసి ఉంటరు. నా చేతి గాజు ఒక్కటి అమ్మితే, ఆ చీటి మీద రాసిన దానికంటే ఎక్కువే వచ్చేది.

చేవెళ్ల దాటినంక అన్న ఒక పూలతోట పక్కన కారు ఆపి, దిగి, బానెట్ మీద చేతులు పెట్టి నిలబడ్డడు. పది నిమిషాలన్న నిలబడి ఉంటడు. మళ్ల వచ్చి ఎక్కి కారు స్టార్ట్ చేసిండు. నామినీ సంగతికి కోపమో, పెనాల్టీ సంగతికి బాధనో నాకు తెల్వలేదు, నేను అడుగలేదు.

ఇంటికాడ అవ్వ గడపల కూసొని ఉన్నది.

"ఎవరి పేరు రాసిండట?"

"చెల్లె పేరు," అన్నడు అన్న.

"నా పేరు లేదా?" అన్నది అవ్వ. అని, కొంగు సదురుకున్నది. ఇరవై రెండేండ్లు తెల్లారకముందే లేసి ఆయనకు డబ్బా కట్టిన మనిషి. "మంచిదే తియ్. నాకు సంతకం రాదు," అన్నది. ఆ మాట ఆమె మా కోసం అన్నది గాదు, ఆమె కోసమే అనుకున్నది.

తర్వాత అడిగింది, "మరి ఎంత కోస్తరట?"

నేను నోరు తెరిచిన. నేనేం చెప్పేదాన్నో నాకే తెల్వదు. అంతలనే అన్న అన్నడు, "కోస్తరవ్వా. ఆనాడు చెప్పినంత కోస్తరు. ఇంక నిండలే గద."

అవ్వ నా దిక్కు చూసింది. "సచ్చిపోయినోని కాడ గూడ కోస్తరా?"

"రూలట," అన్న నేను.

అవ్వ తలకాయ ఊపి లోపటికి పోయి చాయ్ పెట్టింది. అన్న ఆ మాట ఎందుకన్నడో నేను ఎన్నడు అడుగలేదు. అడిగే పని లేదు. కోస్తరంటే, బాపు ఆగినందుకు ఏదో ఒక లెక్క ఉన్నట్టు. కొయ్యరంటే, ఆయన దేనికోసం ఆగిండో దానికి అర్థమే లేకుండ పోతది. నాలుగు నెలలే గదా అన్న మాట అవ్వ నోట్లెకెళ్లి వచ్చింది. నామినీ నా పేరని తెలిసి మండుతున్న అన్న, ఆ మంట మీద ఉండంగనే, అవ్వ మీద ఆ బరువు పడకుండ ఆ అబద్ధం అడ్డం పెట్టిండు. ఆ తర్వాత వాడు నన్ను ఎన్ని మాటలన్నా, ఇది మాత్రం నేను మర్చిపోలేదు.

మాటలు అననే అన్నడు. పైసలు నా ఖాతల పడ్డ దినమే ఫోన్ చేసిండు. "ఎప్పుడు ఏస్తున్నవ్?"

"రేపు ఏస్త అన్నా."

"నువ్వే రాయించుకున్నవ్ గదా ఆయనతోని. ఇంట్లుండి అంత చేసుకున్నవ్."

"నాకు తెల్వనే తెల్వదు."

"కథలు పడకు."

మర్నాడు బ్యాంకుకు పోయి వాని మూడో వంతు వానికి, అవ్వది అవ్వ ఖాతల ఏయించిన. అప్పుడు మేడంను అడిగిన, ఆ పాత ఫారం ఒక్కసారి చూపిస్తరా అని. తీసి చూపెట్టింది. బాపు సంతకం, కింద నా పేరు, దానికి పిన్ను కొట్టిన నా ఆధార్ జిరాక్సు. జిరాక్సు మూలకు నా చేతిరాతతోనే "పీఎఫ్ ఆఫీసు కొరకు" అని రాసి ఉన్నది. ఆ రోజులల్ల, బస్సు పట్నం పోతది గదా అని, పీఎఫ్ ఆఫీసుల ఇయ్యమని నా కాయితాలు బాపుకే ఇచ్చి పంపేదాన్ని. నామినీ పేరేంది, ఆధార్ ఉన్నదా అని బ్యాంకుల అడిగి ఉంటరు. ఆయన కీసల నా జిరాక్సు ఉన్నది. తీసి ఇచ్చిండు.

అట్ల జరిగిందో, నా పేరే రాయాలని పోయిండో నాకు తెల్వదు. తెలిసే తొవ్వ గూడ లేదు. కని అవ్వకు మాత్రం జిరాక్సు సంగతే చెప్పిన.

"నేను ఎక్కువని రాయలేదవ్వా. ఆ దినం నా కాయితం ఆయన కీసల ఉన్నది. గంతే."

"గంతేనా?" అన్నది. ఆమె మొఖం జర తేటపడ్డది. నాకు కడుపు నిండిన సంగతి ఉన్నది గదా, అది ఆ మాటతోని పోయింది. అన్నకు గూడ ఫోన్ చేసి చెప్పిన. వాడు ఇని, "సరే," అని పెట్టేసిండు. నమ్మలేదు. వాని వంతు కారు అప్పుకు పోయిందని వదిన అవ్వకు చెప్పింది. పైసలు పడ్డంక వాడు మా ఇంటి గడప తొక్కలేదు. పరిగి దిక్కు భూమి మాట మళ్ల ఎవ్వరు తియ్యలేదు.

వానకాలం అయిపోయింది. ఒక ఆదివారం చర్చి ఇడిచినంక ఆడోళ్లు బయట నిలబడి మాట్లాడుకుంటున్నరు. భర్త పోయి మూడు నెలలైన ఒకామె ఉన్నది. బ్యాంకు పని ఎట్లయిందని ఎవరో అడిగితే, "మంచిగనే అయ్యింది. నిండకముందే తీసినం గని ఒక్క పైస కొయ్యలేదు. మనిషి పోతే కొయ్యరట," అన్నది. నేను అవ్వ పక్కననే ఉన్న. ఇంటికి పోయేటప్పుడు అవ్వ నాకంటే ముందు నడిచింది. మోకాళ్ల నొప్పితోని ఎన్నడు ముందు నడువదు.

సాయంత్రం అడిగింది. "వాళ్లకు కొయ్యలేదట."

"ఒక్కో బ్యాంకుకు ఒక్కో రూలు అవ్వా," అన్న.

"అయ్యో, గట్లనా," అన్నది. మళ్ల ఎత్తలేదు. మూడు వారాలు ఎత్తలేదు. ఆ మూడు వారాలు నేను మంచిగ తినలేదు, పనిల మనసు పెట్టలేదు. అవ్వ నన్ను నమ్మిందా, నమ్మినట్టు చేస్తున్నదా అని ఆమె మొఖం దిక్కే చూసుకుంట ఉన్న. ఒకనాడు పొద్దుగాల కాలేజీకి తయారై, చెప్పులు ఏసుకున్నదాన్ని మళ్ల ఇడిచి లోపటికి పోయి చెప్పేసిన. అన్న అబద్ధం చెప్పిండని, నేను గూడ చెప్పిన్నని, ఒక్క పైస కొయ్యలేదని.

అవ్వ బియ్యం కడుగుతున్నది. చేతులు నీళ్లల్లనే ఉన్నయి.

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా?"

"నీకు నిజం తెల్వాలె గదవ్వా."

"వాడు దాచిండు. నువ్వు గూడ ఇన్ని దినాలు దాచినవ్. ఇంక ఇన్ని దినాలు దాచకపోయినవా? నీ మీదికెళ్లి దించుకున్నవ్. తెచ్చి నా మీద పెట్టినవ్."

"నిండనియ్యి అన్నది నేను," అన్నది అవ్వ.

"నేను గూడ సరే అన్న."

"నువ్వు సరే అన్నవ్. నేను అన్న."

అంతే. బియ్యం పొయ్యి మీద పెట్టింది. ఆ దినం నేను ఆలస్యంగ కాలేజీకి పోయిన. వచ్చేసరికి అవ్వ మామూలుగనే ఉన్నది, బువ్వ పెట్టింది. కని తర్వాత వారం నుంచి చేవెళ్ల దిక్కు పూలతోటలకు కూలికి పోవుడు మొదలుపెట్టింది. ఆరేండ్ల కింద మానేసిన పని. పొద్దుగాల ఐదింటికి ఆటోల ఎక్కుతది, పదకొండింటికి వస్తది. వేళ్ల నిండ ముండ్ల గీతలు. ఖాతల అంత పైసలు పెట్టుకొని ఎందుకవ్వా అంటే, "ఆ పైసలు నాకొద్దు. నీకు కావాల్నంటే తీసుకో, వానికియ్యాలంటే ఇయ్యి," అన్నది. నేను తియ్యలేదు. అవి అట్లనే ఉన్నయి.

అన్నకు నేనే ఫోన్ చేసి చెప్పిన. "అవ్వకు చెప్పేసిన."

"ఏం చెప్పినవ్?"

"పెనాల్టీ సంగతి."

ఎనుక కారు హారన్లు ఇనబడుతున్నయి. "నీకు బుద్ధి లేదు," అన్నడు. అరవకుండ, మామూలు గొంతుతోని అన్నడు.

మూడో దినం వాడు వచ్చిండు. నేను కాలేజీకి ఎల్లబోతున్న. ఇంటి ముంగట కారు ఆపి, లోపటికొచ్చి, నన్ను దాటుకొని పోయి అవ్వ ముంగట కూసున్నడు. పైసల మాట గాని, బాపు మాట గాని తియ్యలేదు. "మోకాళ్లు చూపిద్దాం నడువ్. చేవెళ్లల మంచి డాక్టరు కూసుంటున్నడట," అన్నడు. అవ్వ వద్దన్నది. వాడు ఇంకోసారి అన్నడు. అవ్వ లేసి చీర మార్చుకున్నది. వాడు ఆమె రెక్క పట్టి తీసుకపోయి ముందర సీట్ల కూసోపెట్టి, సీటు జర వెనుకకు జరిపి, డోరు ఏసిండు. నన్ను ఎవ్వరు రమ్మనలేదు. నేను ఇంటికి తాళం ఏసి రోడ్డు మీదికి పోయి ఆటో కోసం నిలబడ్డ.

ఆ రోజు వాడు అవ్వను శంకర్‌పల్లికి తోల్కపోయిండు. నాలుగు దినాలు ఉంచుకొని తెచ్చి దించిండు. ఇప్పుడు నెలకోసారి అట్ల తోల్కపోతడు. అక్కడ వాళ్లిద్దరు ఏం మాట్లాడుకుంటరో నాకు తెల్వదు. తిరిగొచ్చినంక అవ్వ వదిన చేసిన కూరల గురించి, పిల్లల చదువుల గురించి చెప్తది. కూలి పని మాత్రం మానలేదు. అవ్వ లేని ఆ నాలుగు దినాలు నేను ల్యాబ్‌ల పని అయిపోయినంక గూడ కూసొని, సీసాలు కడిగి, ఆఖరి బస్సుకు వస్త.